నీటిలో బల్లి, కాగితం మీద పేరు

కొత్త పంచాంగం ఇంటికి రాగానే మనం ముందు చూసేది ఏమిటి చెప్పండి? పండగలు ఎప్పుడొచ్చాయో చూస్తాం. ఆ తరవాత చివరి పేజీలు తిప్పి బల్లిపాటు చూస్తాం. తలమీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఇంకో ఫలం, మగవాళ్ళకి ఒకవైపు మంచిదైతే ఆడవాళ్ళకి రెండోవైపు మంచిది. మా అత్తగారికి ఆ పట్టికంతా కంఠతా వచ్చు. బల్లి అంటే నేనూ అంతే అనుకునేదాన్ని. మీద పడితే తలస్నానం చెయ్యాలి, పాలగిన్నెలో పడితే పాలు పారబొయ్యాలి, మాట్లాడుతూంటే అరిస్తే "సత్యం, సత్యం" అని నేలమీద వేలితో కొట్టాలి.

మా అమ్మాయి కాలేజీలో జంతుశాస్త్రం చదువుతోంది. ఒకరోజు వాళ్ళ బామ్మ పంచాంగం చూస్తూంటే పక్కన చేరి, "బామ్మా, బల్లి ఎక్కడ పడిందో ఇంత లెక్క కట్టారు గాని, పడింది ఏ బల్లో ఎవరైనా చూశారా?" అంది. "ఏ బల్లేమిటే? బల్లి బల్లే!" అన్నారావిడ. పైకి అనలేదు గాని నా మనసులో మాటా అదే.

అలా మొదలైంది ఈ బల్లుల గొడవ. మా అమ్మాయి చెప్పినదాన్నిబట్టి లోకంలో బల్లులు, తొండలు, ఉడుములు, నలికిరిలు అన్నీ కలిపి ఏడువేల పైచిలుకు జాతులున్నాయి. ఏటేటా కొత్తవి ఆ జాబితాలో చేరుతూనే వున్నాయి. వాటిలో నాకు బాగా వింతగా తోచినవి నీటిబల్లులు. చేపల్లాగా పూర్తిగా నీళ్ళల్లో బతకవు, మన బల్లిలాగా పూర్తిగా గోడలమీదా బతకవు. వేడిదేశాల అడవుల్లో వాగులవొడ్డున రాళ్ళమీద కూర్చుంటాయి, భయం వేస్తే బుడుంగుమని నీళ్ళల్లో దూకుతాయి. ఇవాళ వాటి సంగతే చెప్తాను. నా చదువు మెట్రిక్‌తో ఆగిపోయింది. తప్పులు దొర్లుతాయేమోనని రాసినదాన్ని మా అమ్మాయిచేత రెండుసార్లు దిద్దించుకుని మరీ వచ్చాను.

ముందుగా కోస్టారికా వెళ్దాం. అమెరికా ఖండాలు రెండింటినీ కలిపే సన్నని నడుములాంటి నేల వుంది చూడండి, అక్కడుంది ఆ చిన్నదేశం. దాని నైరుతి మూల అడవి వాగుల్లో ఒక బల్లి వుంది. అనోల్ అనే రకం. మన తొండలాగే గొంతుకింద తోలుసంచి వుంటుంది, మగది దాన్ని విసనకర్రలాగా విప్పి ఆడిస్తుంది. ఎడ్వర్డ్ టేలర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1956లో దీన్ని వర్ణించి, నీళ్ళదగ్గర వుంటుంది గనక 'అక్వాటికస్' అని పేరుపెట్టాడు. పక్షులూ పాములూ అన్నిటికీ అది తిండే. పాపం, తప్పించుకునే దారి నీళ్ళొక్కటే. దూకి రాయి కింద నక్కి కూర్చుంటుంది.

కూర్చుంటే కూర్చుంది, ఊపిరి మాట? అక్కడే వుంది తమాషా అంతా. లిండ్సే స్వీర్క్ అనే పరిశోధకురాలు ఆ వాగుల్లో ఈ బల్లుల్ని గమనిస్తూ, ఒకటి నీళ్ళల్లోకి దూకి పావుగంట దాటినా పైకి రాకపోవడం చూసింది. చచ్చిపోయిందనుకుంటారు ఎవరైనా. ఆవిడ నీటి అడుగున కెమెరా పెట్టి చూస్తే ఏం కనిపించిందంటే, బల్లి ముక్కుమీద ఒక గాలిబుడగ! ఊపిరి వదిలితే బుడగ ఉబ్బుతుంది, పీలిస్తే తగ్గుతుంది. మళ్ళీ ఉబ్బుతుంది. సబ్బునీళ్ళతో పిల్లలు ఊదుకునే బుడగలాంటిదే, పగిలిపోకుండా ముక్కుకి అంటుకుని వుంటుంది. దాని చర్మానికి నీరు అంటదు. తామరాకు సంగతి మనకి తెలిసిందే కదా, అదీ అలాంటిదే. అందుచేత చర్మం చుట్టూ సన్నని గాలిపొర నిలుస్తుంది, బుడగ ఆ పొరని పట్టుకుని వేలాడుతుంది. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంవారు మరికొన్ని జాతుల అనోల్ బల్లుల్నీ కలిపి పరీక్షించి 2021లో ప్రకటించిందేమంటే, బల్లి మునిగివున్న కొద్దీ ఆ బుడగలో ప్రాణవాయువు తగ్గుతూ వస్తోందని. అంటే ఆ గాలిని అది నిజంగానే వాడుకుంటోందన్నమాట.

అయినా స్వీర్క్ అంతటితో వూరుకోలేదు. బుడగ వుండబట్టే బల్లి ఎక్కువసేపు వుండగలుగుతోందా, లేక బుడగ వట్టి అలంకారమా? ఇది తేల్చడానికి ఆవిడ చేసిన పని వింటే మీకు నవ్వొస్తుంది. మనం చలికాలంలో మొహం పగలకుండా రాసుకునే మెత్తని క్రీములుంటాయే, అలాంటిదే కొన్ని బల్లుల చర్మానికి రాసింది. క్రీము రాస్తే నీరు జారిపోదు, బుడగ నిలవదు. కొన్నిటికి రాయకుండా వదిలేసింది. రెండు రకాల్నీ నీళ్ళల్లో వదిలి గడియారం చూసింది. బుడగ వున్నవి లేనివాటికంటే నూటికి 32 వంతులు ఎక్కువసేపు మునిగివున్నాయి. ఇది 2024లో అచ్చయింది. పెద్ద యంత్రాలూ అవీ లేవు చూశారా, ఒక క్రీమూ ఒక గడియారమూ! వంటింట్లో మనం చేసే పరీక్షలకి దీనికి ఎంతో తేడా లేదనిపించింది నాకు. కాకపోతే మనం లెక్క రాసిపెట్టుకోం.

సరే, అసలు సంగతికి వస్తాను. 2023లో అదే కోస్టారికానుంచి వాగుల్లో తిరిగే అనోల్ బల్లులు మరో రెండు కొత్త జాతులని వర్ణించారు. ఒకదాని పేరు 'రిపేరియస్', అంటే వొడ్డున వుండేది. ఈ 'కొత్త' అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. "ఏమే, ఆ బల్లులు 2023లో పుట్టాయా? అంతకుముందు ఆ వాగులో లేవా?" అని అడిగాను. "ఎందుకు లేవమ్మా, లక్షల ఏళ్ళనుంచీ వున్నాయి. మనకి తెలియలేదు" అంది. "మనకంటే ఎవరికి? ఆ వూళ్ళో వాళ్ళకి కూడా తెలియదా?" అన్నాను. దానికి మా అమ్మాయి కాస్త ఆలోచించింది.

నిజమే మరి. చైనా దక్షిణాన గ్వాంగ్‌షీ కొండల్లో ఒక నీటిబల్లి వుంది. మొసలికి వున్నట్టు దాని తోకమీద గట్టి పొలుసుల వరసలుంటాయి. మడుగుమీదికి వొంగిన కొమ్మమీద గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది. అలికిడైతే చాలు, రాయిలాగా నీళ్ళల్లో పడుతుంది. ఆ కొండల్లో వాళ్ళు దానికి 'పెద్ద నిద్రపోతు' అనే అర్థంవచ్చే పేరు ఎప్పుడో పెట్టుకున్నారు. 1928లో అక్కడికి వెళ్ళిన ఒక చైనా విశ్వవిద్యాలయంవారు కొన్నిటిని పట్టి తెచ్చారు. 1930లో బెర్లిన్‌లో ఎర్న్‌స్ట్ ఆల్ అనే ఆయన ఇది లోకానికి కొత్తదని రాసి, షిన్ షూజీ అనే చైనా ఆచార్యుడి పేరుమీద 'షినిసారస్' అన్నాడు. లోకానికి కొత్తదే గాని, ఆ కొండల్లో కట్టెలకోసం తిరిగే ఆడవాళ్ళకి పాతదే. అందుకని 'కనిపెట్టారు' అనే మాట నాకంతగా నచ్చదు. 'వర్ణించారు' అంటే సబబుగా వుంటుంది. శాస్త్రజ్ఞులు వాడే మాట కూడా అదేనట.

వర్ణించడమంటే మన ప్రబంధాల్లో వర్ణన లాంటిది కాదు. దక్షిణ అమెరికాలో పెరూ దేశం వుంది. అక్కడ ఆండీస్ పర్వతాల తూర్పు వాలులో మనూ అనే పెద్ద అభయారణ్యం వుంది. కప్పలూ పాములూ బల్లులూ లెక్కలేనన్ని. అక్కడి సెలయేళ్ళ దగ్గర తిరిగే ఒక చిన్న బల్లిని హెర్మాన్ చావెజ్, అలెస్సాండ్రో కతెనాజ్జి అనే ఇద్దరు 2014లో వర్ణించారు. దాని కంటిచుట్టూ ఎర్రగా వుంటుంది. అందుకని 'ఎర్రకన్ను' అనే అర్థంవచ్చే పేరు పెట్టారు. అంతకు రెండేళ్ళముందు చావెజ్ మరొకరితో కలిసి అదే కుటుంబంలో ఇంకో బల్లిని, సముద్రమట్టానికి సుమారు పదిహేనువందలనుంచి రెండువేల మీటర్ల ఎత్తులో వుండేదాన్ని వర్ణించాడు. దానికి 'కొండవాసి' అని పేరు. మన అరకులోయ కూడా అంత ఎత్తు లేదు. అంతకంటే ఎత్తున చల్లటి ఏటినీళ్ళల్లో, వొంట్లో సొంతవేడి లేని బల్లి ఈదుతోందంటే ఆశ్చర్యమే కదూ!

ఇలాంటి కొండవాగుల్లో పరిశోధకులు ఎలా వెతుకుతారో కూడా అడిగాను. తరచు చీకటిపడ్డాక నెత్తికి దీపం కట్టుకుని, మోకాలిలోతు నీళ్ళల్లో నాచుపట్టిన రాళ్ళమీద అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తారట. చేతికి చిక్కినదాని కొలతలు తీస్తారు, బతికుండగానే ఫొటో తీస్తారు. చచ్చాక రంగు పోతుంది మరి. ఆ తరవాత పొలుసులు లెక్కపెడతారు. నిజంగా ఒక్కొక్కటే! నడుంచుట్టూ ఎన్ని, వెన్ను పొడుగునా ఎన్ని, పెదవిమీద ఎన్ని, వేలికింద ఎన్ని. తొడల లోపలివైపు వరసగా సన్నని రంధ్రాలుంటాయి కొన్ని బల్లులకి. అవి ఎన్ని, మగదానికేనా, ఆడదానికి కూడానా అని చూస్తారు. ఆ కొండవాసి బల్లిలో ఆడవాటికి ఆ రంధ్రాలు లేకపోవడం ఒక గుర్తయింది. ఇదంతా వింటూంటే నాకు చేటలో బియ్యం పోసుకుని మెరిగెలు ఏరడం జ్ఞాపకం వచ్చింది. అందరికీ ఒక్కలాగే కనబడే గింజల్లో తేడా పట్టాలంటే కన్ను ఒక్కటీ చాలదు, వోపిక కావాలి.

ఒక్క బల్లిని చూసి సరిపెట్టుకోవడానికీ లేదు. అంతకుముందు దానికి దగ్గరగా వున్నవని ఎవరెవరు ఏమేం రాశారో అన్నీ తిరగెయ్యాలి. నూరేళ్ళ కిందటి జర్మన్ పుస్తకమైనా సరే. ఏ దేశం మ్యూజియంలో ఏ సీసాలో వున్నా తెప్పించుకునో, వెళ్ళో చూడాలి. అప్పటికీ ఇది వేరు అని తేలితే, ఒకదాన్ని మూలనమూనాగా నిర్ణయించి మ్యూజియంలో భద్రంచేసి, గుర్తులన్నీ రాసి, పేరుపెట్టి అచ్చువేయించాలి. అచ్చులో రాకపోతే పేరు చెల్లదు. ఎవరి పేరు వాళ్ళే పెట్టుకోవడం మర్యాద కాదట. ఈ మర్యాద మన సన్మానసంఘాలవారు కూడా పాటిస్తే బాగుండును!

ఇప్పుడు దీనికి తోడు రక్తసంబంధం చూసే పరీక్షలు కూడా వచ్చాయి. 2005లో టిఫనీ డోన్ అనే ఆవిడ, టాడ్ కాస్టో అనే ఆయన కలిసి, అప్పటిదాకా 'న్యూస్టికూరస్' అనే ఒకే ఇంటిపేరుకింద వున్న దక్షిణ అమెరికా నీటిబల్లులు నిజానికి ఒక తల్లి పిల్లలు కావని తేల్చి, కొన్నిటిని వేరే ఇల్లు కట్టించి పంపారు. ఆ కొత్త ఇంటిపేరు 'పొటమైటిస్'. గ్రీకులో నదిలో వుండేవాళ్ళని అర్థం. ఎర్రకన్ను, కొండవాసి కూడా ఆ ఇంటివే. చూడ్డానికి తోబుట్టువుల్లా వుండి తీరా చూస్తే దూరపు చుట్టాలవడం, రెండు ఇళ్ళ పిల్లలకీ ఒకేచోట పెరగడంవల్ల ఒకే పోలిక రావడం మనకి తెలియనిదేమీ కాదు.

మూలనమూనా అన్నాను గదా, అది సీసాలో వుండాలంటే దాని ప్రాణం తియ్యాలి. ఈ మాట వినగానే నాకు మనసు చివుక్కుమంది. మా అమ్మాయి ఎన్నో రకాలుగా సమర్థించింది. రేపు ఇంకెవరైనా అనుమానపడితే చూసుకోవడానికి వస్తువు వుండాలిట. నాలుగైదిటిని తీస్తే వాగులో జాతి నశించిపోదట. అదంతా నిజమే కావచ్చు. అయినా నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు. ఇక్కడ దాచడమెందుకు, మీకూ చెప్పేస్తున్నాను.

కాని ఆ సీసాలు వూరికే పోలేదనడానికి ఒక కథ చెప్పాలి. ఉడుముల్లో నీటి ఉడుము అని ఒకటుంది. శ్రీలంకనుంచి ఇండోనేషియా దాకా చిత్తడి నేలల్లో, ఏటి మొగల్లో వుంటుంది. దాన్ని 1768లోనే వర్ణించి 'సాల్వటోర్', అంటే రక్షకుడు, అన్నారు. మొసలి వస్తూంటే ముందుగా హెచ్చరిస్తుందని జనం నమ్మేవారు. ఆ తరవాత చాలాకాలం ఫిలిప్పీన్స్ దీవుల్లో కనిపించిన నీటి ఉడుముల్ని ఆ పేరుకిందికే తోసేశారు. మా అత్తగారి మాటే మళ్ళీ, "ఉడుము ఉడుమే!" అని. 1961లో డెన్మార్క్‌వారి ఓడ ఒకటి ఆ సముద్రాల్లో తిరిగి, టావీటావీ దీవినుంచి కొన్ని ఉడుముల్ని పట్టి కోపెన్‌హేగన్ మ్యూజియంలో పెట్టింది. పెట్టి వూరుకుంది. ఆండ్రే కోఖ్, మారెన్ గౌల్కే, వోల్ఫ్‌గాంగ్ బోమె అనే ముగ్గురు జర్మన్లు ఆ సీసాలు దించి చూసేసరికి అది వేరే జాతి! 2010లో దానికి 'రాస్ముస్సేని' అని పేరుపెట్టారు, ఆ మ్యూజియంలో పనిచేసిన ఒక శాస్త్రజ్ఞుడి గౌరవార్థం. నలభైతొమ్మిదేళ్ళు పేరులేకుండా అటకమీద కూర్చుంది పాపం. మన అటకమీది సామానులో ఏమేం వున్నాయో మనకి మాత్రం తెలుసా!

పేరుంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అని మీరడగవచ్చు. బల్లికి పేరెందుకు, అది పిలిస్తే పలుకుతుందా?

మా మేనత్త ఒకావిడ వుండేది. పుట్టిందిమొదలు అందరూ 'అమ్మడు' అనే పిలిచారు. పెళ్ళయ్యాక అత్తవారు ఏదో పేరు మార్చారు, అదీ ఎవరూ పిలవలేదు. భర్త పోయాక పెన్షను కాగితంమీద ఒక పేరు, రేషన్ కార్డుమీద ఒక పేరు, వోటర్ల జాబితాలో మూడో పేరు. "ఈ ముగ్గురిలో నువ్వెవరమ్మా?" అని అడిగాడట ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాయన. ఎదురుగా మనిషి నిలబడి వుంది. అయినా ఆవిడ లేనట్టే లెక్క. ఏడాదిన్నర తిరిగింది. చట్టానికి మనిషి కనపడదు, పేరే కనపడుతుంది.

జంతువుల విషయంలోనూ అంతే. ఫలానా జాతిని పట్టకూడదు, అమ్మకూడదు అని చట్టం రాయాలంటే ముందు ఆ జాతికి పేరుండాలి. పేరులేనిదాన్ని ఎవరు పట్టుకుపోయినా కేసు లేదు. ఎన్ని మిగిలాయో లెక్కా వుండదు. మొసలితోక బల్లిని చూడండి. చైనాలో మిగిలినవి 950 ప్రాంతం అని 2008లో లెక్కకట్టారు. వియత్నాంలో కూడా అది వున్నట్టు 2003లో బయటపడింది. అక్కడైతే నూటయాభైకి లోపే అని అంచనా. 2016లో వియత్నాం బల్లుల్ని పోల్చి చూసి, చైనావాటికంటే తేడాగా వున్నాయి, ఇవి వేరే ఉపజాతి అని పేరుపెట్టారు. ఆ పేరు పడటంవల్ల ఏమైందంటే, రేపు బోనుల్లో పెంచి అడవిలో వదలాలనుకుంటే వీటినీ వాటినీ కలపకూడదని తెలిసింది. మరుసటి ఏటినుంచి, అంటే 2017నుంచి, అడవిలో పట్టినవాటి వ్యాపారం అంతర్జాతీయ ఒప్పందం కింద పూర్తిగా బందయింది.

అయితే అక్కయ్యలూ, నాణానికి రెండోవైపు కూడా వుంది. మా అమ్మాయి దీని దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి మాట్లాడింది.

బోర్నియో దీవిలో చెవులు పైకి కనిపించని బల్లి ఒకటుంది. మూరెడు పొడుగు, మట్టిరంగు, రాతి వాగుల్లో వుంటుంది, రాత్రిపూట తిరుగుతుంది. కిందిరెప్ప అద్దంలాగా వుంటుంది, కన్నుమూసినా వెలుతురు కనిపిస్తుంది. 1878లో వియన్నాలో స్టైండాఖ్నర్ అనే ఆయన వర్ణించి 'లాంథనోటస్', అంటే దాగిన చెవి, అన్నాడు. తరవాత ఎనభై ఏళ్ళపైగా మ్యూజియాల్లో కొద్ది సీసాలు తప్ప దాన్ని ప్రాణంతో చూసిన శాస్త్రజ్ఞులు దాదాపు లేరు. 1961లో సారవాక్‌లో ఒకటి ప్రాణంతో దొరికింది. దాని దేశాలు మూడూ దాన్ని పట్టకూడదని చట్టాలు చేశాయి. మలేషియాలో 1971, బ్రూనైలో 1978, ఇండోనేషియాలో 1980. అయినా దాని జోలికి పెద్దగా ఎవరూ పోలేదు, చట్టానికి భయపడి కాదు, అది దొరకదు గనక.

2012లో పశ్చిమ కాలిమంతన్‌లో అది కనిపించిందని ఒక శాస్త్రపత్రికలో వచ్చింది. రాసినవాళ్ళది మంచి ఉద్దేశమే. ఇంకా వుంది, కాపాడుకుందాం అని. రెండేళ్ళు తిరక్కుండా ఆ బల్లులు ఐరోపాలో ఇళ్ళల్లో అద్దాలపెట్టెల్లో తేలాయి! వింతజంతువుల్ని పెంచుకునే సరదారాయుళ్ళు లోకమంతటా వున్నారు. దేశం దాటేదాకా అది దొంగసొత్తు, ఐరోపాలో అడుగుపెట్టాక దొరసొత్తు. ఎందుకంటే అక్కడ అమ్మకూడదనే చట్టం అప్పటికి లేదు. 2016లో దేశాలన్నీ కూర్చుని అడవిలో పట్టినవాటిని వ్యాపారానికి ఎగుమతి చెయ్యకూడదని తీర్మానించాక గాని ఆ దారి మూసుకోలేదు. అప్పటికే ఎన్ని వెళ్ళిపోయాయో ఎవరు చెప్పగలరు?

అదీ సంగతి. పేరు లేకపోతే కాపాడలేం. పేరుపెట్టి ఎక్కడుందో అచ్చువేస్తే దొంగకి చిరునామా ఇచ్చినట్టవుతుంది. 2017లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఒక గొప్ప పత్రికలో ఈ ప్రశ్నే లేవదీశారు, అరుదైన జంతువులు ఎక్కడున్నాయో ఇక అచ్చువెయ్యడం మానాలని. పాతకాలంలో అయితే ఏ కొండ, ఏ వాగు, ఏ వొడ్డు అన్నీ వివరంగా రాయడం శాస్త్రధర్మం. ఇంకొకరు వెళ్ళి సరిచూసుకోవద్దూ మరి? ఇప్పుడు కొందరు వాగు పేరు రాయకుండా జిల్లా పేరుతో వూరుకుంటున్నారట. శాస్త్రం ఒకటి చెప్తోంది, మనసు ఇంకోటి చెప్తోంది. నన్నడిగితే ఆడపిల్లల ఫొటోమీద చిరునామా రాసి వీధిలో అంటించం కదా, ఇదీ అంతే అంటాను. మా అమ్మాయి వొప్పుకోలేదు. "ఎక్కడుందో తెలియకపోతే ఆ వాగుమీద ఆనకట్ట కట్టేటప్పుడు ఆపేదెవరమ్మా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఎక్కడో ఐరోపావాళ్ళ సరదా మనకెందుకు అనుకోకండి. మన ఇళ్ళల్లోకి కూడా వచ్చిందొకటి. 'హత్థా జోడీ' అని, రెండుచేతులు జోడించినట్టుండే నల్లటి వేరు, పూజగదిలో పెడితే లక్ష్మి నిలుస్తుందని అమ్ముతూంటారు. మా వీధిలో ఒకరింట్లో వెండిభరిణెలో సిందూరం పూసి దాచారు, నాకూ ఒకటి తెప్పిస్తామన్నారు. 2017లో పరిశోధకులు పరీక్షచేసి చూస్తే అది వేరూ కాదు, మూలికా కాదు. మగ ఉడుము జననాంగాన్ని కోసి ఎండబెట్టింది! రేడియోలో ఈ మాట చెప్పడానికి కాస్త సంకోచించాను గాని, పూజలో పెట్టుకునేవాళ్ళకి తెలియాలి కదా. మన దేశంలో వుండే నాలుగు రకాల ఉడుములూ, నీటి ఉడుముతో సహా, వన్యప్రాణి చట్టంలో మొదటి జాబితాలో వున్నాయి. దాన్ని కొనడమూ నేరమే, ఇంట్లో దాచుకోవడమూ నేరమే. ఆ ఇంటావిడకి చెప్పాను. వారంరోజులు నాతో మాట్లాడలేదు. తరవాత భరిణె మాత్రం ఖాళీగా కనిపించింది.

మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక, వంటింటి కిటికీ అద్దానికి బయటివైపు బల్లి వచ్చి అంటుకుంది. లోపల్నించి దాని పొట్టంతా కనిపిస్తోంది. మా అమ్మాయి పరుగెత్తుకెళ్ళి వాళ్ళ నాన్నగారి భూతద్దం తెచ్చింది. మన బల్లుల్లో కూడా మగవాటికి తొడలకింద ఆ సన్నని రంధ్రాల వరస వుంటుందిట. ఏ జాతి బల్లో తేల్చడానికి అదీ ఒక గుర్తేనట. అద్దానికి ముక్కు ఆనించి, "ఒకటి, రెండు, మూడు..." అంటూ లెక్కపెడుతోంది. మా అత్తగారు పంచాంగం పక్కన పెట్టి, కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి వెనకాల నిలబడ్డారు. "ఎన్నొచ్చాయే?" అన్నారు. పదకొండు దాకా వచ్చింది. ఇంతలో దీపంపురుగు ఒకటి అద్దంమీద వాలింది, బల్లి దానివెంట పరుగెత్తింది. "మళ్ళీ మొదటినించీ లెక్కపెట్టాలి బామ్మా" అంది మా అమ్మాయి. ఆవిడ కుర్చీ జరుపుకుని కిటికీ దగ్గరే కూర్చున్నారు.